సెల్లార్ గాలిలో రెండున్నర లీటర్లు, బకెట్‌లో 236 లీటర్లు: ఒక తేమ కేసు పూర్తి వివరాలు

సెల్లార్‌లో తేమతో ఇబ్బంది పడుతున్న ఒక ఇంటి యజమాని ఫోన్‌లో చెప్పిన మొదటి మాట ఇది: "డీహ్యూమిడిఫైయర్ కొని రెండు నెలలైందండీ. ట్యాంకు రోజుకు రెండుసార్లు నిండుతోంది. అయినా కిందికి దిగగానే అదే ముక్కవాసన." డీహ్యూమిడిఫైయర్ అంటే గాలిలోని తేమను నీళ్ళుగా మార్చి ట్యాంకులో పట్టే యంత్రం. అంతకుముందు ఇంకెవరో వచ్చి చూసి, గోడలన్నీ చెక్కి మొత్తం వాటర్‌ప్రూఫింగ్ చేయించాల్సిందేనని చెప్పి వెళ్ళారట. ఆయన గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. గోడల జోలికి వెళ్ళే ముందు ఒకసారి కొలిచి చూద్దాం, మూడు రోజులు టైమ్ ఇవ్వండి అన్నాను.

సెల్లార్ నేల 60 చదరపు మీటర్లు, ఎత్తు రెండున్నర మీటర్లు. అంటే 150 ఘనపు మీటర్ల గాలి. మూడు వైపుల గోడలు పూర్తిగా మట్టిలోనే ఉన్నాయి. బయటి నేలకు కాస్త పైన రెండు చిన్న కిటికీలు, మెట్ల దగ్గర ఒక తలుపు. వెనకవైపు స్టోర్ గది ఉంది. దాన్నిండా చెక్క అలమరలు, పుస్తకాలు, అట్టపెట్టెలు. పుస్తకాల అట్టల మీద బూడిద రంగు చుక్కలు లేచాయి. ఉత్తరపు గోడ అడుగున మోకాలెత్తు వరకూ పెయింట్ పొక్కిపోయింది. ఒక పొక్కును గోటితో గీకితే తెల్లటి పొడి అరచేతిలో రాలింది. చౌడు. నేను వెళ్ళేసరికి రెండు కిటికీలూ బార్లా తెరిచి ఉన్నాయి, ఫ్యాన్ తిరుగుతోంది, పక్కనే డీహ్యూమిడిఫైయర్ నడుస్తోంది, మెట్ల కింద తీగ మీద ఉతికిన బట్టలు ఆరుతున్నాయి. "గాలి ఆడాలి కదండీ" అన్నారాయన.

ఆ ఒక్క దృశ్యంలోనే సగం కేసు ఉంది. కానీ అంకెలు లేకుండా ఆ మాట అంటే ఆయన నమ్మరు, నమ్మాల్సిన పని కూడా లేదు.

మీటరుకే పరీక్ష

ఆయన దగ్గర చిన్న డిజిటల్ మీటర్ ఉంది. అందులో తేమ 78 శాతం చూపిస్తోంది. నాది 85 అంటోంది. ఇద్దరిలో ఎవరిది నిజం? చవక మీటర్లు ఐదు, ఏడు శాతం తప్పు చూపించడం మామూలే. దీనికి ఇంట్లో ఉండే వస్తువులతోనే నమ్మకమైన పరీక్ష ఉంది. సీసా మూతలో చెంచాడు ఉప్పు పోసి, నాలుగు చుక్కల నీళ్ళు కలిపి తడి ఇసుకలా చేయాలి. ఉప్పు కరిగిపోకూడదు, తడిసి ముద్దగా ఉండాలి. ఆ మూతనూ రెండు మీటర్లనూ ఒక జిప్ కవర్‌లో పెట్టి, గాలి పోకుండా మూసి, రాత్రంతా వదిలేయాలి. మామూలు ఉప్పు సంతృప్త ద్రావణం పైనున్న గాలి గది ఉష్ణోగ్రత దగ్గర ఎప్పుడూ 75 శాతం తేమ దగ్గరే నిలబడుతుంది. పొద్దున చూస్తే ఆయన మీటర్ 68, నాది 75. అంటే ఆయన రెండు నెలలుగా ఏడు శాతం తక్కువ చూసుకుంటూ వచ్చారు. మీటర్ వెనక "+7" అని స్టిక్కర్ అంటించాను. కొత్తది కొనాల్సిన అవసరం రాలేదు.

ఇక అసలు కొలతలు. మధ్యాహ్నం రెండింటికి బయట 30 డిగ్రీలు, తేమ 60 శాతం. సెల్లార్‌లో 22 డిగ్రీలు, తేమ 85 శాతం. ఈ రెండు శాతాలూ చూసి ఎవరైనా ఏమనుకుంటారు? బయటి గాలి పొడిగా ఉంది, లోపలికి రానిస్తే లోపలి తేమ తగ్గుతుందని. ఆయన చేసింది అదే. ఇక్కడే శాతం మనల్ని మోసం చేస్తుంది.

తేమ శాతం అంటే, ఆ ఉష్ణోగ్రత దగ్గర గరిష్ఠంగా ఎంత నీటి ఆవిరి ఉండగలదో అందులో ఇప్పుడు ఎంత వంతు ఉందన్న లెక్క. ఆ గరిష్ఠం ఉష్ణోగ్రతతో పాటు వేగంగా పెరుగుతుంది. ఘనపు మీటరుకు 10 డిగ్రీల దగ్గర 9.4 గ్రాములు, 22 దగ్గర 19.4 గ్రాములు, 30 దగ్గర 30.4 గ్రాములు. కాబట్టి బయట 60 శాతం అంటే ఘనపు మీటరుకు 18.2 గ్రాముల నీళ్ళు. లోపల 85 శాతం అంటే 16.5 గ్రాములు. "పొడిగా" ఉన్న బయటి గాలిలోనే నీళ్ళు ఎక్కువ. ఆ గాలి సెల్లార్‌లోకి వచ్చి 22 డిగ్రీలకు చల్లబడితే దాని తేమ 96 శాతం అవుతుంది. గోడకు తగిలి ఇంకా చల్లబడితే నీళ్ళు వదిలేయక తప్పదు.

ఎక్కడ వదులుతుందో చెప్పేది డ్యూ పాయింట్, మన పాఠ్యపుస్తకాల్లో తుషార స్థానం. చల్లటి నీళ్ళ గ్లాసుకు బయటివైపు చెమట పడుతుందే, గాలి ఎంతవరకు చల్లబడితే ఆ చెమట మొదలవుతుందో ఆ ఉష్ణోగ్రత. ఆ రోజు బయటి గాలి డ్యూ పాయింట్ 21.4 డిగ్రీలు, లోపలి గాలిది 19.4. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో గోడలను చూశాను. మధ్యలో 20 డిగ్రీలు, అడుగున 19, స్టోర్ గదిలో అలమర వెనక మూల 18.5. ఆ మూలలో చేయి పెట్టి తడిమితే వేళ్ళు తడిశాయి. లెక్క చెప్పిన చోటే నీళ్ళున్నాయి.

"సరే, రాత్రి చల్లగాలి వచ్చేటప్పుడు తెరుస్తాను" అన్నారాయన. రాత్రి కూడా కొలిచి చూపించాను. పదకొండింటికి బయట 25 డిగ్రీలు, తేమ 80 శాతం. గ్రాముల్లో 18.4. ఒంటికి హాయిగా ఉంది కానీ నీళ్ళ లెక్కలో మధ్యాహ్నానికీ రాత్రికీ తేడా లేదు. వాతావరణం మారితే తప్ప డ్యూ పాయింట్ ఒక్క రోజులో పెద్దగా కదలదు. పగలు రాత్రి మారేది ఉష్ణోగ్రత, దాంతో పాటు శాతం.

ఇంకో నమ్మకం కూడా ఆయన నోట విన్నాను, చాలామంది దగ్గర వింటుంటాను: తేమ బరువు కదా, అందుకే కిందికి దిగి సెల్లార్‌లో చేరుతుందని. నిజానికి నీటి అణుభారం 18, గాలి సగటు అణుభారం 29 దగ్గర. ఒకే ఉష్ణోగ్రతలో తేమ గాలి పొడి గాలికంటే తేలిక. సెల్లార్ చెమ్మగా ఉండేది కిందున్నందుకు కాదు, చల్లగా ఉన్నందుకు, చుట్టూ మట్టి ఉన్నందుకు.

నీళ్ళు గాలిలోంచా, మట్టిలోంచా

వాటర్‌ప్రూఫింగ్ కావాలా అక్కర్లేదా తేల్చడానికి పాత పద్ధతే వాడాను. ఒకటిన్నర అడుగుల చదరపు పాలిథీన్ షీట్లు మూడు తీసుకుని, ఉత్తరపు గోడ అడుగున ఒకటి, తూర్పు గోడకు ఒకటి, నేల మీద ఒకటి పరిచి, నాలుగు అంచులూ టేపుతో గాలి దూరకుండా అతికించాను. రెండు రోజులు కదపలేదు. మట్టిలోంచి గోడ గుండా నీళ్ళు వస్తుంటే షీట్ లోపలివైపు చెమ్మ చేరుతుంది. గదిలోని గాలి చల్లబడి వదిలే నీళ్ళయితే గదివైపు చేరుతుంది.

ఉత్తరపు గోడ షీట్ ఊడదీస్తుంటే లోపలివైపు నుంచి సన్నటి ధార కారింది. మిగతా రెండు షీట్ల లోపలివైపు పొడిగా ఉన్నాయి, గదివైపు మసకగా చెమ్మ ఉంది. అంటే సమస్యలు రెండు, మందులు కూడా రెండు. ఉత్తరపు గోడ బయటికి వెళ్ళి చూస్తే, మేడ మీది వాన నీళ్ళ పైపు సరిగ్గా ఆ గోడ మొదట్లోనే వదులుతోంది. మట్టి కూడా గోడవైపే వాలి ఉంది. తడి మట్టిని ఆనుకున్న కాంక్రీట్‌లోని సన్నటి రంధ్రాలు దీపం వత్తి నూనెను పీల్చినట్టు నీటిని పైకి లాగుతాయి. లోపలివైపు ఆ నీళ్ళు ఆవిరైపోతాయి, కరిగి వచ్చిన లవణాలు మాత్రం గోడ మీదే మిగులుతాయి. అరచేతిలో రాలిన తెల్లపొడి అదే. పైపును గోడకు రెండు మీటర్ల దూరం పొడిగించి, మట్టిని బయటికి వాలేలా సర్దించాం. ఒక పూట పని. గోడలు చెక్కడం ఆగిపోయింది.

యంత్రం చేసే పని

డీహ్యూమిడిఫైయర్ గురించి నేను ఎప్పుడూ ఒకే మాటతో మొదలుపెడతాను: గదిలో అన్నిటికంటే చల్లగా ఉన్న చోటే నీళ్ళు చేరతాయి. ఇన్నాళ్ళూ ఆ చోటు అలమర వెనక మూల. యంత్రం చేసేదల్లా ఆ మూలకంటే చల్లటి చోటొకటి తన పొట్టలో తయారుచేయడం.

ఫ్యాన్ గదిలోని గాలిని లాగి పది డిగ్రీల దగ్గరున్న కాయిల్ (మెలికలు తిరిగిన లోహపు గొట్టం) మీదుగా పంపుతుంది. కాయిల్‌కు తగిలిన గాలి తన డ్యూ పాయింట్ దాటి చల్లబడి, నీళ్ళను చుక్కలుగా వదిలేస్తుంది. అన్ని పాయలూ కాయిల్‌కు దగ్గరగా వెళ్ళవు కాబట్టి బయటికొచ్చే గాలి 9.4 గ్రాముల దాకా ఎండదు, మధ్యలో ఎక్కడో ఆగుతుంది. తర్వాత అదే గాలి వేడి కాయిల్ మీదుగా పోతుంది. చల్లటి కాయిల్ గాలిలోంచి తీసుకున్న వేడి, దానికి కంప్రెసర్ తిన్న కరెంటు కలిపి, ఇక్కడ మళ్ళీ గాలిలోకే వస్తుంది. ఏసీ ఆ వేడిని ఇంటి బయట పారేస్తుంది. ఇది గదిలోనే వదిలేస్తుంది. తేడా అంతే.

ఆ వేడి ఎంత? ఒక లీటరు నీళ్ళు ఆవిరి నుంచి ద్రవంగా మారితే సుమారు 2450 కిలోజౌళ్ళ గుప్తోష్ణం విడుదలవుతుంది, అంటే 0.68 యూనిట్ల కరెంటుతో సమానం. నేను తెచ్చిపెట్టిన పెద్ద యంత్రం గంటకు 180 ఘనపు మీటర్ల గాలి లాగుతుంది, 500 వాట్లు తింటుంది. మొదటి రోజు ఒక్కో ఘనపు మీటరులోంచి మూడున్నర గ్రాములు తీసింది. గంటకు 630 గ్రాములు, రోజుకు 15 లీటర్లు. ఆ నీళ్ళు వదిలిన గుప్తోష్ణం సగటున 425 వాట్లు, కరెంటు 500 వాట్లు. మొత్తం 925 వాట్ల హీటర్ రాత్రింబవళ్ళు గదిలో వెలిగినట్టే. బయటికొచ్చే గాలి లోపలికి వెళ్ళినదానికంటే 15 డిగ్రీలు వేడిగా ఉంది. గది మొత్తం మీద రెండు డిగ్రీలు పెరిగింది. "ఇది చల్లబరుస్తుందనుకున్నానే" అన్నారాయన, గాలి వచ్చే చోట చేయి పెట్టి చూసి. మిషన్ పాడైందనుకుని చాలామంది దీన్నే చూపించి వెనక్కి ఇచ్చేస్తుంటారు.

లెక్క పుస్తకం

గాలిలో ఉన్న నీళ్ళెన్ని? 150 ఘనపు మీటర్లు, ఒక్కోదానిలో 16.5 గ్రాములు. రెండున్నర లీటర్లు కూడా లేవు. 24 డిగ్రీల దగ్గర 55 శాతానికి తేవాలంటే 12 గ్రాములకు దించాలి. అంటే గాలిలోంచి తీయాల్సింది ముప్పావు లీటరులోపే. ఆయన యంత్రం ట్యాంకు నాలుగు లీటర్లది. రోజుకు రెండుసార్లు నింపుతూ రెండు నెలలు నడిచింది. మరి ఆ నీళ్ళన్నీ ఎక్కడివి?

ఈ ప్రశ్న వేసుకోకుండా పెద్ద మిషన్ కొనడం దండగ. గాలి గోదాము కాదు, మోసుకొచ్చే బండి. నీళ్ళు వచ్చే దారులన్నీ కాగితం మీద రాసుకున్నాం.

మొదటిది కిటికీలు. తెరిచి ఫ్యాన్ పెడితే గంటకు రెండుసార్లు గాలి మారుతుందనుకున్నా, అది 300 ఘనపు మీటర్లు. లోపల 12 గ్రాముల దగ్గర నిలబెట్టాలనుకుంటే ప్రతి ఘనపు మీటరూ 6.2 గ్రాములు అదనంగా మోసుకొస్తుంది. గంటకు 1.86 లీటర్లు, రోజంతా తెరిస్తే 44 లీటర్లు. ఏ ఇంటి యంత్రమూ దాన్ని తట్టుకోలేదు. కిటికీలు మూసి, మెట్ల తలుపు అంచుకు రబ్బరు పట్టీ వేస్తే గంటకు గది గాలిలో ఐదోవంతు మాత్రమే మారుతుందని అంచనా వేశాను. అప్పుడు 30 ఘనపు మీటర్లు, రోజుకు నాలుగున్నర లీటర్లు. ఒక్క చేతి పనితో 44 నాలుగున్నరకు దిగింది.

రెండోది తీగ మీది బట్టలు. పిండిన తర్వాత కూడా ఒక వాయి బట్టల్లో రెండు లీటర్ల నీళ్ళు మిగులుతాయి. ఆ రెండు లీటర్లూ గదిలోకే. వాటిని పైకి మార్చారు. మూడోది ఉత్తరపు గోడ. దాన్ని నేరుగా కొలవలేను. రోజుకు ఒకటిన్నర లీటరు అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.

నాలుగోది అందరూ మర్చిపోయేది, అసలు గోదాము ఇదే: గదిలో ఉన్న వస్తువులు. 85 శాతం తేమలో నెలల తరబడి ఉన్న చెక్క తన పొడి బరువులో సుమారు 18 శాతం నీళ్ళు పట్టి ఉంచుతుంది. 55 శాతం తేమలో అది పది శాతానికి దిగుతుంది. అక్కడున్న చెక్క తక్కువేసుకున్నా 400 కిలోలు. అంటే చెక్క ఒక్కటే 32 లీటర్లు వదలాలి. పుస్తకాలు, అట్టపెట్టెలు, సిమెంటు పూత వేరే.

కాగితం తేమకు ఎంతగా స్పందిస్తుందో చెప్పడానికి ఈ వృత్తిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన కథ ఒకటుంది. 1902లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో ఒకే కాగితం మీద రంగులు ఒకదాని తర్వాత ఒకటి అచ్చువేస్తుంటే, మధ్యలో తేమ మారి కాగితం సాగడమో కుంచించుకోవడమో జరిగి రంగులు ఒకదానిమీద ఒకటి కూర్చునేవి కావు. విల్లిస్ కారియర్ అనే పాతికేళ్ళ ఇంజనీర్ చల్లటి కాయిల్స్ మీదుగా గాలిని పంపి తేమను అదుపులో పెట్టే ఏర్పాటు గీసిచ్చాడు. నేటి ఏసీ మొదలైంది అక్కడే. మనుషులకు చల్లదనం కోసం కాదు, కాగితంలోని నీళ్ళ కోసం. ఆ స్టోర్ గదిలోని పుస్తకాలు చూసినప్పుడు నాకు ఆ ప్రెస్సే గుర్తొచ్చింది.

మొదటి నాలుగు రోజులు

పెద్ద యంత్రాన్ని స్టోర్ గది గుమ్మం దగ్గర, గోడకు అరమీటరు దూరంలో పెట్టాం. స్టోర్ తలుపు తీసి ఉంచాం. ఆయన తన యంత్రాన్ని అంతకుముందు ఒక మూలలో, గోడకు బెత్తెడు దూరంలో పెట్టుకున్నారు. అది వదిలిన పొడిగాలినే మళ్ళీ లాగుతూ, తన చుట్టూ ఉన్న గాలి తేమను చూసి పని అయిపోయిందనుకుని ఆగిపోయేది. అలమర వెనక మూల మాత్రం తడిగానే ఉండేది. రాత్రి ట్యాంకు నిండితే తెల్లారేదాకా ఆగిపోవడం ఇంకో సమస్య. కంప్రెసర్ ఆగినా ఫ్యాన్ తిరుగుతూనే ఉండే సెట్టింగ్ పెట్టారు, దాంతో కాయిల్ మీద మిగిలిన నీళ్ళు మళ్ళీ గదిలోకే ఆవిరయ్యాయి. నేను ట్యాంకు తీసేసి, పైపుతో నీళ్ళు బకెట్‌లోకి వదిలాను. ప్రతి పొద్దునా బకెట్ తూచి రాయడం ఆయన పని. శ్రద్ధగా రాశారు.

నాలుగో రోజు ఫోన్. "రోజుకు 14 లీటర్లు పైనే వస్తున్నాయండీ, మీటర్ మాత్రం 77 దగ్గర ఆగిపోయింది. ఎక్కడో లీక్ ఉన్నట్టుంది."

నేను వెళ్ళి చూశాను. 24 డిగ్రీలు, 77 శాతం. గ్రాముల్లోకి మార్చితే 16.8. మొదటి రోజు 16.5! నాలుగు రోజుల్లో దాదాపు 58 లీటర్లు తీసినా గాలిలో నీళ్ళు తగ్గలేదు సరికదా, పిసరంత పెరిగాయి. శాతం 85 నుంచి 77కి దిగింది అచ్చంగా గది వేడెక్కినందుకే. ఈ ఘట్టంలోనే చాలామంది చేతులెత్తేస్తారు. కానీ ఇది జరగాల్సినట్టే జరుగుతోంది. గది వేడెక్కేకొద్దీ చెక్క, కాగితం, సిమెంటు పూత తమలోని నీళ్ళను ఇంకా జోరుగా గాలిలోకి వదులుతాయి. యంత్రం తీసిన ప్రతి గ్రాముకూ అవి ఇంకో గ్రాము అందిస్తున్నాయి. బకెట్ నిండుతున్నంత కాలం గోదాము ఖాళీ అవుతున్నట్టే. మీటర్ ఈ పనిని ఆలస్యంగా చూపిస్తుంది, బకెట్ వెంటనే చూపిస్తుంది. ఆయనకు అదే చెప్పాను: "ఈ వారం మీటర్ చూడకండి, బకెట్ చూడండి."

ఏడో రోజుకు బకెట్ 13 లీటర్లు, మీటర్ 71. పద్నాలుగో రోజుకు 9.8 లీటర్లు, 61. ఇరవై ఒకటో రోజుకు 7.2 లీటర్లు, 24 డిగ్రీల దగ్గర 56 శాతం. గ్రాముల్లో 12.2. మూడు వారాల మొత్తం 236 లీటర్లు. అందులో బయటి గాలి మోసుకొచ్చింది 50 లీటర్ల పైచిలుకు, ఉత్తరపు గోడది ఒక 30 అనుకున్నా, మిగతా 150 లీటర్లు ఆ గదిలోని చెక్క, కాగితం, గోడలు ఏళ్ళుగా దాచుకున్నవే. వాసన పదో రోజుకే తగ్గడం మొదలైందని ఆయన భార్య చెప్పారు. ఆ వాసనకు అలవాటుపడిన మేమిద్దరం అది గమనించలేదు.

తొందరపడి 40 శాతానికి దించవద్దని మాత్రం గట్టిగా చెప్పాను. పాత చెక్క వేగంగా ఎండితే పగుళ్ళిస్తుంది, అలమర తలుపులు వంకరపోతాయి.

60 ఎందుకు చాలదు

ఇళ్ళలో తేమ 60 శాతంలోపు ఉంటే చాలని ఎక్కువగా చెబుతారు. మేడ మీది గదికి అది సరిపోతుంది. ఇక్కడ సరిపోదు. బూజు గది మధ్యలో పెరగదు, గోడ మీద పెరుగుతుంది. గోడ ఉపరితలం దగ్గర తేమ 80 శాతం దాటి రోజుల తరబడి ఉంటే అది మొలకెత్తుతుంది. గది గాలి 24 డిగ్రీలు, గోడ అడుగు 19.5. అదే గాలి గోడను తాకే చోట చల్లగా ఉంటుంది కాబట్టి అక్కడి తేమ శాతం ఎక్కువ. గదిలో 65 ఉంటే గోడ దగ్గర 86. గదిలో 60 ఉంటే గోడ దగ్గర 79, అంచు మీద ఉన్నట్టే. గదిలో 56 ఉంటే గోడ దగ్గర 74. అందుకే ఈ సెల్లార్‌కు 55 పెట్టాను. ఈ అంకె పుస్తకంలోంచి తెచ్చింది కాదు, ఆ గోడ ఉష్ణోగ్రత నుంచి వచ్చింది. ఇంకో గోడయితే ఇంకో అంకె. అలమరలను కూడా గోడకు పది సెంటీమీటర్లు ముందుకు లాగించాం. గోడను ఆనుకుని ఉన్నప్పుడు వెనక గాలి ఆడక, గది వేడి అందక, ఆ మూలే అన్నిటికంటే చల్లగా ఉండిపోతోంది.

20 లీటర్ల యంత్రం 20 లీటర్లు తీయదు

ఆయన యంత్రం మీద "రోజుకు 20 లీటర్లు" అని ఉంది. ఎనిమిదే వస్తోందని ఆయన బాధ. కింద చిన్న అక్షరాల్లో అసలు షరతు ఉంది: 30 డిగ్రీలు, 80 శాతం తేమ దగ్గర. ఆ గాలిలో ఘనపు మీటరుకు 24 గ్రాముల పైనే నీళ్ళుంటాయి. ఈ సెల్లార్‌లో మనకు కావలసిన స్థితిలో 12. ఉన్న నీళ్ళే సగం, పైగా డ్యూ పాయింట్ 14 డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి కాయిల్ తన చల్లదనంలో ఎక్కువ వంతు గాలిని చల్లబరచడానికే ఖర్చుపెడుతుంది. అందులో ఏడెనిమిది లీటర్లు వస్తే యంత్రం బాగానే ఉన్నట్టు. అమెరికాలో 2019 నుంచి ఇళ్ళలో వాడే పోర్టబుల్ యంత్రాలను అంతకుముందున్న 80 ఫారన్‌హీట్ డిగ్రీలకు బదులు 65 డిగ్రీల దగ్గర, అంటే మన లెక్కలో 18.3 దగ్గర, పరీక్షించమన్నారు. అంతకుముందు రోజుకు 70 పింట్లని (పింట్ అంటే అర లీటరుకు కాస్త తక్కువ) అమ్మిన యంత్రాలు ఆ కొత్త పరీక్షలో 50 పింట్ల తరగతిలోకి దిగాయి. యంత్రం మారలేదు, కొలిచే గది మారింది. సెల్లార్ కోసం కొనేవాళ్ళు ముందు చదవాల్సింది ఆ షరతునే.

పెద్ద యంత్రాన్ని కొనేద్దామని ఆయన పట్టుబట్టారు. వద్దన్నాను. పెద్దది కావలసింది గోదాము ఖాళీ చేయడానికే. ఇప్పుడు రోజూ వచ్చే నీళ్ళు: గాలి ద్వారా నాలుగున్నర, గోడ నుంచి ఒకటిన్నర, మొత్తం ఆరు లీటర్లు. ఆయన పాత యంత్రం దీన్ని మోయగలదు. నాది వెనక్కి తెచ్చేసుకుని, ఆయనదాన్ని అదే గుమ్మం దగ్గర పెట్టి, పైపును నేలలోని నీళ్ళు పోయే జాలీలోకి వాలుగా వదిలాం. వారం తర్వాత ఒక రోజంతా బకెట్ పెట్టి తూచారు: 5.8 లీటర్లు. ప్రశ్నార్థకం పెట్టిన ఒకటిన్నర లీటరు సరైన అంచనాయేనని అప్పుడు నాకు నమ్మకం కుదిరింది.

చలి రోజులకు వేరే సూచన రాసిచ్చాను. గది 15 డిగ్రీల కిందికి దిగితే ఇలాంటి యంత్రం కాయిల్ సున్నా కిందికి పోయి మంచు గడుతుంది. మంచు కరిగించుకోవడానికి తరచూ ఆగుతుంది, పని సగం కూడా జరగదు. అలాంటి చోట్ల సిలికా జెల్ లాంటి పదార్థంతో తేమను పీల్చి, వేడి చేసి బయటికి తోసేసే రోటర్ రకం యంత్రాలు మేలు. ఈ ఇంట్లో అది అవసరం లేదు, ఎందుకంటే చలి రోజుల్లో కిటికీయే పని చేస్తుంది. బయట 5 డిగ్రీలు, 90 శాతం తేమ ఉన్నా ఘనపు మీటరుకు ఆరు గ్రాములే. అప్పుడు బయటి గాలే పొడిగాలి. అందుకే "కిటికీ తెరవొద్దు" అని రాయలేదు. "ఫోన్‌లో వాతావరణం చూడండి, బయటి డ్యూ పాయింట్ 13 కంటే తక్కువ ఉంటే తెరవండి, ఎక్కువ ఉంటే మూయండి" అని రాశాను. ఆ కాగితం కిటికీ పక్కనే అంటించారు.

రెండు నెలల తర్వాత ఒకసారి ఫోన్ వచ్చింది, మీటర్ 68కి ఎగబాకిందని. కంగారులో కిటికీ తెరిచారా అని అడిగాను. లేదన్నారు. "బకెట్ పెట్టారా?" అంటే పెట్టాను, చుక్క రావట్లేదన్నారు. పైపు జాలీలోకి దిగే చోట జిగురులాంటి పాచి పేరుకుని అడ్డుపడింది. నీళ్ళు వెనక్కి తన్ని, లోపలి మట్టం పెరిగి, యంత్రం తనంతట తనే ఆగిపోయింది. పైపు ఊడదీసి వేడినీళ్ళతో కడిగితే అదే రోజు సాయంత్రానికి 61, రెండో రోజుకు 55. గోదాము ఖాళీగా ఉంది కాబట్టే అంత త్వరగా దిగింది. మొదట్లో అయితే ఇదే దిగడానికి రెండు వారాలు పట్టింది.

ఉత్తరపు గోడకు రంగు ఇంకా వేయలేదు. తడి ఆరని గోడ మీద వేసిన పెయింట్ మళ్ళీ పొక్కడం ఖాయం. వానల తర్వాత ఒకసారి షీట్ అతికించి చూశాం, లోపలివైపు ఇంకా సన్నటి మసక ఉంది, ధార మాత్రం లేదు. వచ్చే వానలప్పుడు మళ్ళీ అతికిస్తాం. లోపలివైపు పూర్తిగా పొడిగా ఉంటే, చౌడును పొడి బ్రష్‌తో దులిపి, అప్పుడు రంగు.